గల్ఫ్ ఇసుక వేరు, మన దివిసీమ ఇసుక వేరు

పండగ మర్నాడు బెజవాడ నుంచి సముద్రం దారి పట్టే కుటుంబాలు మన వాళ్లలో తక్కువేం కాదు. బాపట్ల దగ్గర సూర్యలంక, బందరు దగ్గర మంగినపూడి అందరికీ తెలిసినవే. ఇంకాస్త ఉత్సాహం ఉన్నవాళ్లు చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా సుమారు 100 కిలోమీటర్లు వెళ్లి హంసలదీవి చేరుకుంటారు. అక్కడ పాలకాయతిప్ప బీచ్ నుంచి కృష్ణా నది సముద్రంలో కలిసే చోటుకి పోవాలంటే తీరం వెంబడి ఇసుకే దారి. బండి దిగకుండా సంగమం దాకా పోదాం అన్న కోరిక పుట్టేది అక్కడే.

ఈ మధ్య ఆ కోరికకి రెండు తోడయ్యాయి. ఒకటి, ఇంట్లోనో చుట్టాల ఇంట్లోనో ఉన్న థార్, జిమ్నీ, ఫార్చ్యూనర్ లాంటి బండి. రెండు, సెలవు మీద దుబాయ్ నుంచో రియాద్ నుంచో వచ్చిన భాయిజాన్. "ఇసుకలో నడపడం నాకు నేర్పకండి, అక్కడ నాకు రోజూ ఇదే పని" అంటాడు. ఆ మాట అబద్ధం కాదు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి నడిపిన మన డ్రైవర్లకి ఇసుక గురించి తెలిసినంత ఇక్కడి వాళ్లకి తెలియదు. టైర్లలో గాలి ఎంత దించాలో, ఎక్కడ యాక్సిలరేటర్ తొక్కాలో, ఎక్కడ కాలు తీసేయాలో వాళ్ల చేతికి, కాలికి అలవాటే.

కాకపోతే ఎడారిలో ఇసుక కింద ఇంకా ఇసుకే ఉంటుంది. మన డెల్టాలో ఇసుక కింద చాలా చోట్ల బురద ఉంటుంది. ఎడారిలో దిగబడిన బండి తెల్లవారే దాకా అక్కడే ఉంటుంది, సాయం వచ్చాక తీసుకోవచ్చు. మన తీరంలో దిగబడిన బండి దగ్గరికి కొన్ని గంటల్లో సముద్రమే నడుచుకుంటూ వస్తుంది. ఈ రెండు తేడాలు తెలియకపోతే ఎంత అనుభవం ఉన్నా ఇక్కడ పనికిరాదు.

పేర్లలోనే ఉంది నేల సంగతి

మన డెల్టా వాళ్లు ఊళ్లకి ఊరికే పేర్లు పెట్టలేదు. నాగాయలంక, సూర్యలంక, పాలకాయతిప్ప, ఏటిమొగ, ఈలచెట్లదిబ్బ. లంక అంటే నీటి మధ్య తేలిన నేల. తిప్ప, దిబ్బ అంటే ఇసుక ఎత్తు. మొగ అంటే నోరు, ఏరు సముద్రంలోకి తెరుచుకునే చోటు. లంకలో నేల సాధారణంగా ఒండ్రు మట్టి. ఎండాకాలం రాయిలా ఉంటుంది, వాన పడితే సబ్బులా జారుతుంది. తిప్ప మీద పొడి ఇసుక, బండి కూరుకుపోతుంది గానీ బయటికి తీయొచ్చు. మొగ దగ్గర మాత్రం బండి ఆపాల్సిందే. నది మోసుకొచ్చిన మెత్తటి బురద అక్కడ పరుచుకుంటుంది, దాని మీద సముద్రం పలుచగా ఇసుక కప్పుతుంది. పైకి చూస్తే గట్టి బీచ్‌లానే కనిపిస్తుంది. మనిషి నడిస్తే మోస్తుంది, టన్నున్నర, రెండు టన్నుల బండి ఎక్కితే పెంకు పగిలినట్టు పగిలి లోపలికి లాగేస్తుంది.

ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి, పర్ర. పోటుకి ఉప్పునీళ్లు ఎక్కి, తర్వాత దిగిపోయే చదునైన బంక నేలని మన తీరంలో పర్ర అంటారు. ఎండాకాలంలో పైన తెల్లగా ఉప్పు పేరుకుని, పగుళ్లు తీసి, క్రికెట్ ఆడుకునే మైదానంలా ఉంటుంది. ఇసుకలో కష్టపడటం ఎందుకు, ఇటు నుంచి పోదాం అనిపిస్తుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి ఒక్క మాటలో చెప్పాలంటే ఇది సబ్ఖా. అరబ్బులు సబ్ఖా మీదికి బండి ఎక్కించరు, తప్పనిసరైతే పాత చక్రాల జాడ వదలరు. ఖతర్‌లో ఖోర్ అల్ ఉదైద్ దగ్గర సబ్ఖాలో పడిన బండిని, దాని వైపు ఎక్కుతున్న సముద్రపు నీటిని చూసినవాళ్లు ఉంటే ఇంట్లో అడగండి, మన తీరం గురించి సగం పాఠం వాళ్లే చెప్పేస్తారు. మామూలుగా ఎడారి దిబ్బల మీద నడిపిన అనుభవం కంటే ఆ ఖోర్ అనుభవమే దివిసీమకి దగ్గర.

మంగినపూడి సంగతి కూడా ఇలాంటిదే. అక్కడ నల్ల బంకమన్ను ఎక్కువ. నీళ్లు లోతు లేవు కదా అని బండిని అల దాకా తీసుకెళ్లి ఫొటో దిగే సరదా ఒకటి ఉంది. చక్రాల కింద ఉన్నది ఇసుక కాదని తెలిసేసరికి యాక్సిల్ దాకా మునిగి ఉంటుంది.

పోయినేడు వచ్చిన దారే కదా అనే ధీమా కూడా వద్దు. నది ముఖం ఏడాదికేడాది మారుతుంటుంది. ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టాక కృష్ణ తెచ్చే ఒండ్రు బాగా తగ్గింది, డెల్టా తీరం కొన్నిచోట్ల కోతకి గురవుతోంది, కొన్నిచోట్ల కొత్త మేటలు వేస్తోంది. మ్యాప్‌లో నేలగా కనిపించిన చోట ఇవాళ నీళ్లుండొచ్చు. ఫోన్‌లో దారి చూపించే మ్యాప్‌ని ఇక్కడ నమ్మొద్దు. వల బాగుచేసుకుంటున్న మనిషిని "అన్నా, అటుపక్కకి బండి పోతుందా?" అని అడగండి. "పోదు" అంటే పోదు. "మీ ఇష్టం" అన్నా పోదనే అర్థం.

చాంద్ చూసి పోటు లెక్క చెప్పొచ్చు

ఇది మన వాళ్లకి మాత్రమే సులువుగా తెలిసే లెక్క, కానీ ఎందుకో ఎవరూ వాడుకోరు.

సముద్రం రోజుకి రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. పొంగడాన్ని పోటు అంటారు, తగ్గడాన్ని పాటు లేదా ఆటు అంటారు. పోటుకి పోటుకి మధ్య పన్నెండున్నర గంటలకి కాస్త తక్కువ. అందుకే ఇవాళ వచ్చిన టైముకంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. దీన్ని నడిపేది ప్రధానంగా చంద్రుడు. అమావాస్యకి, పౌర్ణమికి సూర్యుడు, చంద్రుడు ఒకే గీతలో లాగుతారు కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. సగం చంద్రుడు ఉన్న రోజుల్లో తేడా తక్కువ. ఈ ప్రభావం సరిగ్గా ఆ రోజునే కాకుండా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా గట్టిగా కనిపిస్తుంది.

ఇప్పుడు హిజ్రీ తేదీలు పక్కన పెట్టి చూడండి. రంజాన్ ఈద్ అంటే షవ్వాల్ 1. నెలవంక కనబడిన మర్నాడు, అంటే అమావాస్య దాటి ఒకటి రెండు రోజులు. నెలలో అతి పెద్ద పోట్లు వచ్చే రోజులు సరిగ్గా అవే. మనం పిల్లాపాపలతో బీచ్‌కి బయల్దేరేది ఆ రోజు, లేదా మర్నాడే. బక్రీద్ జుల్‌హిజ్జా 10. సగం చంద్రుడు దాటిన రెండు మూడు రోజులకి వస్తుంది కాబట్టి అప్పుడు పోటు బలం తక్కువ. షబే బరాత్ షాబాన్ 15, నిండు చంద్రుడు, మళ్లీ పెద్ద పోటు. చౌదవీ కా చాంద్ అందంగా ఉంటుంది గానీ ఆ రాత్రి ఇసుక మీద బండి పెట్టడానికి మంచిది కాదు. హంసలదీవిలో మాఘ పౌర్ణమికి జరిగే జాతరప్పుడు సముద్రం అంత ముందుకి రావడానికీ కారణం ఇదే.

టైము కూడా ఒకసారి చూద్దాం. మన కోస్తాలో అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజుల్లో పెద్ద పోటు సుమారుగా పొద్దున ఎనిమిది, పది మధ్య ఒకసారి, రాత్రి మళ్లీ అదే వేళకి ఒకసారి వస్తుంది. పాటు మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య పడుతుంది. పండగ భోజనం చేసి జుహర్ చదివి బయల్దేరిన కుటుంబం సాయంత్రం నాలుగు, నాలుగున్నరకి తీరం చేరుతుంది. అప్పుడు సముద్రం ఎక్కడో దూరంగా ఉంటుంది. మైదానంలా వెడల్పైన తడి ఇసుక, గట్టిగా, చదునుగా. ఇంత మంచి దారి ఎక్కడుంది అనిపిస్తుంది. అసర్ చదువుకుని సంగమం వైపు బండి తిప్పుతారు. కానీ ఆ వేళకే నీరు వెనక్కి తిరిగి ఎక్కడం మొదలుపెట్టి ఉంటుంది. మగ్రిబ్ అయ్యేసరికి వచ్చిన దారి సగం మునిగిపోయి ఉంటుంది. ఇషా వేళకి ఆ తడి మైదానం ఉండదు. మిగిలేది పైన పొడి ఇసుక, దానికి అటువైపు సరుగుడు తోటలు. చీకట్లో, తెలియని పొడి ఇసుకలో, పిల్లలతో బండి తిప్పాలి.

గుజరాత్ తీరంలో లాగా మన దగ్గర నీళ్లు అనేక మీటర్లు ఎక్కవు. పోటుకీ పాటుకీ తేడా మీటరు, మహా అయితే మీటరున్నర. వినడానికి చిన్నగా ఉంది. కానీ మన బీచ్ చాలా పల్లం తక్కువ ఉన్న నేల. నిలువులో ఒక్క మీటరు పెరిగితే అడ్డంగా పదుల మీటర్ల నేల మాయమవుతుంది.

నేను చెప్పిన టైములు అంచనా కోసమే. గాలి, అల్పపీడనం ఉంటే లెక్క మారిపోతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ తీరం వెంబడి అలల హెచ్చరికలు, పోటు సమయాలు ఇస్తుంది. బయల్దేరే ముందు ఆ రోజు పట్టిక చూడండి, ఊళ్లో జాలరుల్ని "పోటు ఎన్నింటికి?" అని కూడా అడగండి. ఆస్ట్రేలియాలో క్‌గరి అనే దీవి ఉంది, ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక దీవి. అక్కడ బీచ్‌నే అధికారికంగా రోడ్డుగా గుర్తించారు, పోలీసులు వేగం కూడా కొలుస్తారు. అలాంటి చోట కూడా పెద్ద పోటుకి రెండు గంటల ముందు, రెండు గంటల తర్వాత బీచ్ మీద నడపొద్దని చెబుతారు. ఏ ఏర్పాటూ లేని మన తీరంలో ఆ రెండు గంటల్ని మూడు చేసుకోవడం మంచిది.

నీళ్లు సముద్రం నుంచే రావాలని కూడా లేదు. బెజవాడ చుట్టుపక్కల నది ఇసుకలోకి బండి దించేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. 2021 ఆగస్టులో కంచికచర్ల మండలం చెవిటికల్లు దగ్గర ఇసుక కోసం కృష్ణలోకి దిగిన వందకి పైగా లారీలు, ఎగువ నుంచి వదిలిన వరద వల్ల ఒక్కసారిగా నీళ్ల మధ్య ఇరుక్కుపోయాయి. డ్రైవర్లని పడవల్లో ఒడ్డుకి చేర్చాల్సి వచ్చింది. రోజూ ఇసుకలో బతికే లారీ డ్రైవర్లకే తప్పించుకునే టైము దొరకలేదు.

ముందు గాలి, తర్వాతే గేరు

నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందడం మంచిదే. కానీ ఒక్క ఫోర్ వీల్ డ్రైవ్‌తో ఇసుకలో గట్టెక్కలేం. టైరు గట్టిగా ఉంటే రెండు చక్రాల బండి రెండు గోతులు తవ్వుతుంది, నాలుగు చక్రాల బండి నాలుగు గోతులు తవ్వుతుంది, అంతే తేడా. ముందు ఇంకో విషయం: థార్ అన్నదల్లా ఫోర్ బై ఫోర్ కాదు. 2023 నుంచి వెనక చక్రాలు మాత్రమే లాగే థార్ కూడా అమ్ముతున్నారు, రాక్స్‌లో కూడా ఎక్కువ రకాలు అలాంటివే. ఇన్నోవా, ఎర్టిగా, క్రెటా సంగతి చెప్పక్కర్లేదు. గేర్ల పక్కన 4హెచ్, 4ఎల్ అని రెండో లివరో బటనో లేకపోతే మీ బండి ఇసుక మీదికి దిగకూడదు.

ఒంటె పాదం చూశారా? వెడల్పుగా, మెత్తగా, నేల మీద పరుచుకుంటుంది. గుర్రం డెక్క ఇసుకలో దిగుతుంది, ఒంటె పాదం దిగదు. టైరులో గాలి తగ్గించడమంటే గుర్రం డెక్కని ఒంటె పాదంగా మార్చడమే. రోడ్డు మీద ఈ బండ్లకి సాధారణంగా 30 నుంచి 35 పీఎస్ఐ ఉంటుంది. దాన్ని 18కి దించితే టైరు నేల మీద పొడవుగా సాగి, నేల మీద పడే ఒత్తిడి దాదాపు సగమవుతుంది. మన తీరంలో 18 నుంచి మొదలుపెట్టండి. కష్టమైతే 15. అంతకంటే తగ్గించి మలుపు తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. గాలి దించాక వేగం 30, 40 దాటకూడదు, మలుపులు వెడల్పుగా తీసుకోవాలి.

గాలి దించడం ఎంత ముఖ్యమో తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ పట్టించడం అంతే ముఖ్యం. గాలి తక్కువ ఉన్న టైరుతో కరకట్ట మీద 80లో వస్తే టైరు వేడెక్కి పేలుతుంది. బండిలో 12 వోల్టుల చిన్న కంప్రెసర్, గాలి కొలిచే గేజీ పెట్టుకోండి. లేదంటే కోడూరులోనో అవనిగడ్డలోనో షాపు తెరిచి ఉండే టైములోనే వెనక్కి రండి. పండగ రోజు సాయంత్రం షాపు తెరిచి ఉంటుందని అనుకోవద్దు.

ఇసుకలో దిగే ముందే 4హెచ్ వేయాలి, ఇరుక్కున్నాక కాదు. చాలా మెత్తటి చోట, దిబ్బ ఎక్కేటప్పుడు 4ఎల్. కొత్త బండ్లలో చక్రం జారితే కంప్యూటర్ తనే ఇంజిన్ బలం కోసేస్తుంది. రోడ్డు మీద ప్రాణం కాపాడే ఈ ట్రాక్షన్ కంట్రోల్ ఇసుకలో బండిని ఆపేస్తుంది, కాబట్టి దిగే ముందు ఆఫ్ చేసుకుని రోడ్డెక్కగానే ఆన్ చేయాలి. రెండో గేరులో ఒకే ఊపు మీద పోవాలి. ఆపాల్సొస్తే బ్రేకు గట్టిగా తొక్కొద్దు, ఎందుకంటే టైర్ల ముందు ఇసుక కుప్పవుతుంది, మళ్లీ కదలాలంటే ఆ కుప్ప ఎక్కాలి. యాక్సిలరేటర్ వదిలేస్తే ఇసుకే ఆపుతుంది. వీలైతే ముందుభాగం పల్లం వైపు ఉండేలా ఆపండి. దిబ్బ వాలు మీద అడ్డంగా మాత్రం నడపొద్దు. ఎత్తుగా ఉండే ఈ బండ్లు పక్కకి దొర్లిపోతాయి. పిల్లల్ని వెనక నిలబెట్టి, కిటికీలోంచి వేలాడనిచ్చి రీలు తీయడం గురించి అమ్మీ, నానీలు ముందే గట్టిగా చెప్పాలి. ఈ విషయంలో మగవాళ్ల మీద నమ్మకం పెట్టుకోవద్దని నా అభిప్రాయం.

ఎక్కడ నడపాలి? తీరాన్ని మూడు పట్టీలుగా చూడండి. పైన పొడి ఇసుక, రేణువుకి రేణువు అంటదు, దిగుతుంది. కింద అల తాకే చోట నీళ్లతో నిండిన ఇసుక, ప్రతి అలా టైరు కింద నుంచి ఇసుక లాగేస్తుంది. నిలబడిన బండి నిమిషాల్లో కూర్చుంటుంది. మధ్యలో చెమ్మగా ఉన్న పట్టీ గట్టిది. చెమ్మ రేణువుల్ని పట్టి ఉంచుతుంది, పిల్లలు కట్టే ఇసుక గూడు తడిపితేనే నిలిచినట్టు. కేరళలో కన్నూర్ దగ్గర ముళప్పిలంగాడ్ బీచ్ మీద మామూలు కార్లు కూడా నాలుగు కిలోమీటర్లు పోతాయంటే అక్కడ ఆ గట్టి పట్టీ వెడల్పుగా ఉండటమే కారణం. మన దగ్గర అది సన్నం, పోటుతో పాటు జరిగిపోతుంది, మధ్యలో చిన్న కాలవలు అడ్డం కోస్తాయి. కాలవ కనబడితే ఒకరు దిగి కాలితో లోతు, గట్టితనం చూడాలి. మడమతో గట్టిగా తొక్కితే నల్లటి బురద పైకి తన్నుకొస్తే బండి తిప్పేయండి.

దిగబడితే

మొదట చేయాల్సింది కాలు తీసేయడం. ఇది చెప్పినంత సులువు కాదు, ఎందుకంటే చక్రం తిరుగుతుంటే ఇంకొంచెం తొక్కితే వస్తుందేమో అనిపిస్తుంది. రాదు. తిరిగిన ప్రతి చుట్టూ బండిని ఒక వేలు లోతుకి దించుతుంది. చాసిస్ ఇసుక మీద కూర్చుంటే ఇక చక్రాలకి పనే లేదు.

అందర్నీ దింపండి. పిల్లల్ని, పెద్దవాళ్లని నీటికి దూరంగా, పైన పొడి ఇసుక మీద కూర్చోబెట్టండి. తర్వాత సముద్రం ఎటు పోతోందో చూడండి. నీరు వెనక్కి పోతుంటే టైముంది. ఎక్కుతుంటే ఇప్పుడే ట్రాక్టరుకి ఫోన్ చేయాలి, గంట ప్రయత్నించాక కాదు. చాలా బండ్లు పోయేది ఆ గంటలోనే.

టైర్లలో గాలి ఇంకో మూడు నాలుగు పాయింట్లు దించండి. నాలుగు చక్రాల వెనకా ఇసుక వాలుగా తోడండి, చాసిస్ కింద కూడా. వచ్చిన దారిలోనే, అంటే అప్పటికే నలిగిన జాడల మీదుగా, రివర్స్‌లో నెమ్మదిగా రండి. టైరు కింద వేయడానికి గోనెసంచులు, కొబ్బరి మట్టలు, పాత చాపలు పనికొస్తాయి. జాకీ పెడితే దాని కింద వెడల్పైన చెక్క ఉండాలి, లేకపోతే బండి లేవదు, జాకీ దిగుతుంది.

తాడు కట్టి లాగేటప్పుడు జరిగేవి అన్నిటికంటే ఘోరమైన ప్రమాదాలు. బంపరుకి, యాక్సిల్‌కి, ట్రైలర్ తగిలించే బంతికి తాడు కట్టొద్దు. అది ఊడితే ఫిరంగి గుండులా ఎగిరొస్తుంది. బండితో వచ్చిన టో హుక్‌నే వాడండి. ఇనుప తీగ, గొలుసు వద్దు, నైలాన్ టో పట్టీ మంచిది. తాడు మీద ఒక తడి గోనెసంచి వేస్తే తెగినా అంత దూరం ఎగరదు. లాగేటప్పుడు తాడు పొడవు కంటే దూరంగా అందరూ నిలబడాలి. సాయం చేస్తామని చుట్టూ మూగే కుర్రాళ్లని పంపేయండి, మొహమాటం వద్దు.

నీరు బానెట్ దాకా వస్తే బండిని వదిలేయండి. ఇంజిన్‌లోకి నీళ్లు పోయాక స్టార్ట్ చేస్తే లోపలి రాడ్లు వంగిపోతాయి. మామూలు ఇన్సూరెన్స్ పాలసీల్లో ఇలాంటి నష్టానికి చాలాసార్లు డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకుని ఉండాలి. ఆపదలో 112కి ఫోన్ చేయండి. పాలకాయతిప్పలో మెరైన్ పోలీస్ స్టేషన్ ఉంది. వాళ్లు ఆ రోజు బీచ్ మూసేశారంటే వెనక్కి వచ్చేయండి, వేరే దారి వెతకొద్దు.

అసలు పోకూడని చోట్లు

నాగాయలంక వైపు, సంగమం చుట్టూ చాలా భాగం కృష్ణా అభయారణ్యం కిందికి వస్తుంది. మడ అడవులు, వాటిలో బావురుపిల్లులు, తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు. అటవీశాఖ అనుమతి లేకుండా అభయారణ్యంలోకి బండి తీసుకెళ్లడం నేరం. ఎదురుమొండి దీవికి ఏటిమొగ నుంచి ఏళ్లుగా పంటు మీద దాటుతున్నారు. బండి పంటు ఎక్కింది కదా అని దీవి చివరి ఇసుక దాకా పోవడానికి అనుమతి ఉన్నట్టు కాదు.

జనవరి నుంచి మార్చి దాకా ఆడ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కి పొడి ఇసుకలో గుంట తవ్వి ఒక్కోటి వంద దాకా గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అటవీశాఖ వీలైనన్ని గుడ్లు సేకరించి హేచరీల్లో పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతుంది. దొరకని గూళ్లు ఇసుకలోనే ఉంటాయి, పైకి ఏమీ కనిపించదు. వాటి మీద నుంచి టైరు పోతే అంతే. టైరు జాడ కూడా తక్కువేం కాదు. అరచేతిలో పట్టే పిల్ల ఆ గాడిలో పడితే ఎక్కలేక తెల్లారేసరికి కాకులకి, కుక్కలకి దొరుకుతుంది. హెడ్‌లైట్ల వెలుగుని సముద్రం అనుకుని అటు నడుస్తాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి ఇది, పట్టుబడితే జైలే. రంజాన్ ఈద్ ఇప్పుడు కొన్నేళ్లుగా ఈ నెలల చుట్టూనే వస్తోంది కాబట్టి ఈ విషయం మనకి ఇంకా దగ్గర. ఆ సీజన్‌లో పొడి ఇసుక పట్టీ మీదికి, దిబ్బల మీదికి బండి ఎక్కించొద్దు. చీకటి పడ్డాక అసలే వద్దు.

ఊదా పూల తీగలు అల్లుకున్న దిబ్బల్ని కూడా తొక్కొద్దు. ఆ తీగే ఇసుకని పట్టి ఉంచుతుంది. 1977 నవంబర్ 19 ఉప్పెనలో దివిసీమ వేల ప్రాణాలు పోగొట్టుకుంది. సముద్రానికీ ఊళ్లకీ మధ్య అడ్డుగా ఉన్నవి ఈ దిబ్బలు, మడ చెట్లు, సరుగుడు తోటలే.

తిరిగొచ్చాక పని

ఇంటికి రాగానే పడుకోకుండా, కనీసం మర్నాడు పొద్దున్నే, బండి అడుగు భాగం మంచినీళ్లతో బాగా కడిగించండి. ఉప్పు ఒక్క వారంలో బ్రేకు డిస్కులకి, సైలెన్సర్ అతుకులకి, చాసిస్ మూలలకి పట్టేస్తుంది. పైపైన నీళ్లు కొట్టే వాషింగ్ కాదు, లిఫ్ట్ మీద ఎత్తి కింద నుంచి కొట్టాలి. యాక్సిల్ దాకా ఉప్పునీళ్లలో మునిగి ఉంటే ఆటోనగర్‌లో మీకు నమ్మకమున్న ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లి డిఫరెన్షియల్ ఆయిల్ తీసి చూపించండి. ఆయిల్ టీ రంగులో, పాలు కలిపినట్టు ఉంటే నీళ్లు చేరినట్టే, ఆ రోజే మార్పించాలి. ఎయిర్ ఫిల్టర్ దులిపించండి. చక్రాల నట్లు మళ్లీ బిగించమనండి. స్పేర్ టైరులో గాలి చూశారా అని కూడా అడగండి, దాన్ని అందరూ మర్చిపోతారు.